బురుల్ అక్క భోజన విరామాలు

కొండల్లోని చోన్-జార్ అనే ఊళ్లో పోస్టాఫీసు అంటే బురుల్ అక్కే. ఇరవై తొమ్మిదేళ్లుగా అక్కడ ముద్రలు కొట్టేదీ, గుర్రం మీద రోజుకు పదిహేను ఇళ్లు తిరిగి పింఛన్లు, ఉత్తరాలు ఇచ్చేదీ ఆవిడే. ఉత్తరాలు తగ్గాక తపాలా శాఖ సబ్బులు, నూనె సీసాలు అమ్మమంది. అవీ అమ్మింది. ఏనుగు దాహానికి చూరునీళ్లు ఏపాటి? శాఖ నష్టాలు తీరలేదు.

చివరికి రాజధాని బిష్కెక్ నుంచి సంస్కరణ దిగింది, ఎమిల్ అనే ఇన్‌స్పెక్టరు రూపంలో. మర్నాడు అతను బురుల్ వెంట తిరుగుతాడు. ఒక్కో ఇంటి దగ్గర మూడు నిమిషాలు దాటితే పోస్టాఫీసు మూసేస్తారు.

బురుల్ గుండెల్లో రాయి పడింది. ఆవిడకు ఒక్కో ఇంటి దగ్గర అరగంట పడుతుంది మరి. పని నిమిషమే, మిగతాదంతా రొట్టె. గడప దాకా వచ్చిన మనిషి చిన్న ముక్కైనా తుంచి నోట్లో వేసుకోకుండా వెళ్లడమన్నది ఆ ఊళ్లో లేదు. రొట్టె వెనక టీ, టీ వెనక మీగడ, మీగడ వెనక కోడళ్ల మీద చాడీలు.

ఆ సాయంత్రమే ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చింది.

"రేపు నన్నెవరూ లోపలికి పిలవకండమ్మా. రొట్టె పెట్టారో, నా నోట్లో మన్ను కొట్టినట్టే."

మర్నాడు పద్నాలుగు ఇళ్లు ఇట్టే అయిపోయాయి. జనం వాకిట్లోనే సంతకాలు పెట్టి తలుపులేసుకున్నారు. ఎమిల్ ముఖం మాత్రం ముడుచుకుపోయింది.

"ఏంటక్కా, మీ ఊళ్లో నన్ను మనిషిగా చూడరా? ఒక్కరూ రొట్టె మాటెత్తలేదు."

"అంతా నీ పుణ్యమే బాబూ," అంది బురుల్.

పదిహేనోది సయ్రా అవ్వ ఇల్లు. అవ్వకు ఎనభై ఆరేళ్లు. పింఛను రోజున తప్ప ఆ తలుపు తట్టేవాళ్లు లేరు. రొట్టె గుడ్డలో చుట్టుకుని వాకిట్లోనే నిలబడి ఉంది.

"వద్దని చెప్పాను కదా అవ్వా."

"విన్నాను, నాకేం చెవుడు లేదు. పోస్టాఫీసు పోతే పోనీ. నా గడప నుంచి ఉత్త నోటితో పోతావా?"

బురుల్‌కి ఏడుపొచ్చినంత పనైంది. గుర్రం దిగింది. అప్పటికే ఎమిల్ బూట్లు విప్పేసి లోపల కూర్చున్నాడు. మూడో గిన్నె టీ తాగాక కాగితం తీసి రాశాడు: పంపిణీ రెండు నిమిషాలు. ఆ తర్వాత భోజన విరామం.

నెల తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. పోస్టాఫీసు ఉంటుంది. కానీ పంపిణీ ఇంత చురుగ్గా సాగుతోంది కనుక బురుల్ ఉద్యోగం ఇకపై మధ్యాహ్నం దాకానే, సగం జీతానికి. నవ్వాలో ఏడవాలో తెలియక ఆ కాగితం పట్టుకుని అవ్వ ఇంటికి వెళ్లింది.

"మధ్యాహ్నం తర్వాత నేను పోస్టు మనిషిని కాదంట అవ్వా."

"మరింకేం? ఇక తొందరేముంది, కూర్చో," అంటూ అవ్వ పొయ్యి మీద నీళ్లు పెట్టింది.