పెద్దమ్మ కోసం కారు ఎత్తు తగ్గించిన రోజు

1964 ఎండాకాలం. నెల్లూరులో నాకు చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. ఎక్కువగా లారీల కమాన్లు మార్చేవాణ్ణి. కమాను అంటే ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన స్ప్రింగు. బరువు పడితే వంగుతుంది, తీస్తే లేస్తుంది, దానితో పెద్ద పేచీ లేదు. కొన్ని కార్ల ముందు చక్రాల దగ్గరుండే కాయిల్ స్ప్రింగు సంగతి వేరు. మెలికలు తిరిగిన ఆ ఇనుప చుట్టను బలంగా నొక్కిపెట్టి బిగిస్తారు. పట్టు జారిందంటే ఎటు ఎగురుతుందో, ఎవరికి తగులుతుందో చెప్పలేం. ఎన్ని మార్చినా దాని ముందు కూర్చున్న ప్రతిసారీ నాకు నోరు ఎండిపోయేది.

ఒక రోజు వాకాడు నుంచి పెంచలరెడ్డిగారు గోనెసంచిలో రెండు కొత్త కాయిల్ స్ప్రింగులు వేసుకుని వచ్చారు. మద్రాసులో కొన్నారట. కారుతో వచ్చిన వాటికన్నా ఇవి పొట్టివి.

"ఇవి వేస్తే కారు రెండంగుళాలు కిందికి దిగతాదంట రత్నం. నువ్వు మా ఇంటికొచ్చి వెయ్యాల" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. మన రోడ్లకు కారు ఎత్తు పెంచమనేవాళ్లే గాని తగ్గించమన్న మహానుభావుణ్ణి నేనెన్నడూ చూడలేదు. "మీ ఊరి ఇసకలో బండి పొట్ట నేలకు రాసుకుంటుంది రెడ్డిగారూ. చూసినవాళ్లు నవ్వుతారు" అన్నాను.

"నవ్వితే నవ్వనీ. మా అమ్మ కోసం" అన్నారాయన.

ఆయన తల్లి మంగమ్మగారికి మోకాళ్లు పట్టేశాయి. కారెక్కడానికి పీట వేస్తే, అది జారి ఆమె కింద పడింది. మళ్లీ పీట మీద కాలు పెట్టనంది. పోనీ ఇద్దరు పట్టుకుని ఎత్తుతామంటే, "నన్నేమన్నా వడ్ల బస్తా అనుకున్నారా?" అని కోప్పడింది. ఆ పట్టుదలతో ఇల్లు కదలడమే మానేసింది. ఇంతలో చిట్టమూరులో ఉన్న ఆమె చెల్లెలు మంచం పట్టింది. ఉన్నప్పుడే చూసి రావాలని పెద్దావిడ రోజూ కొడుకు దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. ఇక నేను కాదనలేకపోయాను.

కారును నెల్లూరు పంపమంటే ఆమె ఒప్పుకోలేదు. తన కోసం చేసే పని తన కళ్లముందే జరగాలట. సరేనని నేనే సామాను తీసుకుని వాకాడు వెళ్లాను. బండ్లు నిలిపే పాకలో నేల చక్కగా పేడతో అలికి ఉంది. మడమతో తొక్కి చూశాను, గట్టిగానే తోచింది.

వెనక కమాన్లలో ఒక్కో పట్టీ తీసి ఎత్తు తగ్గించాను. ముందు ఎడమవైపు కొత్త స్ప్రింగు కూడా ఏ ఇబ్బందీ లేకుండా కూర్చుంది. కుడివైపు పాతది తీసి, కొత్తదాన్ని దాని గూట్లో పెట్టి, ఎందుకైనా మంచిదని చుట్ల మధ్యగా గొలుసు దూర్చి కారు చట్రానికి కట్టాను. విష్‌బోన్ అని చక్రాన్ని మోసే ఇనుప చెయ్యి ఒకటి ఉంటుంది. దాని కింద చెక్క వేసి, చెక్క మీద జాకీ పెట్టి లేపుతుంటే స్ప్రింగు కొంచెం కొంచెంగా అణుగుతోంది. బోల్టు పట్టే చోటికి రావడమే తరువాయి. రెడ్డిగారు అవతల గడ్డపార పట్టుకుని ఇనుప చెయ్యి పక్కకు పోకుండా ఆపుతున్నారు.

అప్పుడు కర్పూరం వాసన వచ్చింది. తల తిప్పి చూస్తే మంగమ్మగారు ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో హారతిపళ్లెం పట్టుకుని చక్రం పక్కకే వస్తున్నారు. ఆ ఇంట్లో బావికి మోటారు బిగించినా, బండికి కొత్త ఇరుసు వేసినా, బిగిస్తుండగానే హారతి ఇవ్వడం ఆనవాయితీ అట. నాకెవరూ ముందు చెప్పలేదు.

అదే సమయంలో జాకీ కింది చెక్క ఒక పక్కకు ఒరిగింది. అలికిన పై పొర పగిలింది. దాని కిందంతా ఇసకే! స్ప్రింగు బయటికి ఎగిరితే తగిలేది పెద్దావిడ మోకాళ్లకే.

నేను చర్చికి వెళ్లేవాణ్ణని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. వెలిగించిన హారతికి నేను అడ్డం చెబితే ఏమనుకుంటారు? గిట్టక ఆపాడంటారు. నోరు తెరిచి మళ్లీ మూశాను. చెక్క ఇంకొంచెం ఒరిగింది.

"పెద్దమ్మా, ఆగండి! వెనక్కి పోండి!" అని గొంతు చించుకుని అరిచాను.

పెద్దావిడ ఉన్నచోటే ఆగిపోయింది. రెడ్డిగారి ముఖం ఎర్రబడింది. "ఏంది రత్నం! హారతికి అడ్డం చెప్తావా? గిట్టకపోతే తల తిప్పుకో!"

"పెద్దమ్మను అవతలికి తీసుకుపోండి రెడ్డిగారూ. తర్వాత నన్ను కొట్టినా సరే!"

నా గొంతులో ఏం వినిపించిందో గాని, ఆయన గడ్డపార వదిలి తల్లి భుజం పట్టుకున్నారు. ఆమె నా వైపు ఒకసారి చూసి, కర్ర పొడుచుకుంటూ కారు వెనక్కి నడిచింది. ఆ నడక ఎప్పటికి పూర్తవుతుందా అని నా ప్రాణం కొట్టుకుంది. ఆమె దాటగానే జాకీని మెల్లగా దించబోయాను. అది చెక్క మీంచి జారి పడిపోయింది. నేను వెనక్కి పడ్డాను. పిడుగు పడ్డట్టు చప్పుడైంది.

లేచి చూస్తే స్ప్రింగు గూట్లోంచి బయటికి దూకి గొలుసుకు వేలాడుతోంది. గొలుసు లంకె ఒకటి సగం విచ్చుకుంది. అంతకుముందు పెద్దావిడ నిలబడింది సరిగ్గా అక్కడే. రెడ్డిగారు నేల మీద కూలబడిపోయారు.

మంగమ్మగారు వచ్చి కర్రతో స్ప్రింగును పొడిచి చూశారు. "ఇది నన్ను కారెక్కించేదా, పాడె ఎక్కించేదా?" అన్నారు.

ఎవరికీ నవ్వు రాలేదు. ఇద్దరం కలిసి ఇసక తవ్వి, బట్టలుతికే బండరాయి తెచ్చి జాకీ కింద పరిచాం. గొలుసు కూడా వేరేది తెప్పించాను. పెద్దావిడ తనంతట తానే వంటింట్లోకి వెళ్లి కూర్చుంది. పొద్దు వాలేలోపు స్ప్రింగు కూర్చుంది, బోల్టులు బిగిశాయి, కారు నేల మీదికి దిగింది.

"ఇప్పుడు ఇవ్వచ్చునా అబ్బయా?" అని లోపలినుంచి అడిగింది.

హారతి అయ్యాక ఆమె కారు తలుపు దగ్గరికి వచ్చి, వీపు సీటు వైపు తిప్పి మెల్లగా కూర్చుంది. తర్వాత ఒక్కో కాలూ తన చేతులతోనే ఎత్తి లోపల పెట్టుకుంది. ఎవరూ ఆమెను ముట్టుకోలేదు. రెడ్డిగారు కండువాతో ముఖం తుడుచుకున్నారు.

"సీటు కిందికి దిగింది గదమ్మా, లేచేటప్పుడు కష్టం" అని హెచ్చరించాను.

"దిగేది మా చెల్లెలి గడపలో. పాకతా దిగినా నాకు సిగ్గులేదు" అంది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, "అరిచేదానికి ముందు తడబడినావే, ఎందుకు?" అని అడిగింది.

నిజమే చెప్పాను. "హారతి ఆపితే తప్పుగా అనుకుంటారని, పెద్దమ్మా."

"పిచ్చోడా! కర్పూరం ఇంకో బిళ్ల వెలిగిస్తా. కాళ్లు ఇంకో జత యాడ తెచ్చేది?"

నా వృత్తిలో స్ప్రింగుల గురించి చాలామంది చాలా చెప్పారు. అలికిన నేలను నమ్మకూడదని నాకు ఆ రోజే తెలిసింది. కానీ నాకు పనికొచ్చిన పాఠం మాత్రం ఆ పెద్దావిడ చెప్పిందే. ప్రమాదం కనిపించినప్పుడు ముందు అరవాలి, మర్యాదలూ క్షమాపణలూ ఆ తర్వాత. ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అనుకోవడానికైనా వాళ్లు బతికుండాలి గదా.