లింగన్న దాచిన ఖాళీ అట్టలు

మాత్ర నొక్కి తీసేటప్పుడు రేకు చిట్లే చిన్న చప్పుడు వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మొన్న దోహా పక్కన అల్ వక్రాలో మా ఇంట్లో అమ్మ బీపీ మాత్ర వేసుకుంటుంటే ఆ చప్పుడైంది. నస్రీన్ మేడమ్ గుర్తొచ్చింది.

దోహాలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ పనులు జోరుగా సాగుతున్న రోజులవి. ఫార్మసీ చదువు చివరి ఏడాదిలో శిక్షణ కోసం నన్నొక ఆరోగ్య బీమా ఆఫీసుకు పంపారు. డాక్టర్లు రాసిన మందును బీమా కింద ఇవ్వాలా వద్దా అని తేల్చే విభాగం. అక్కడి సీనియర్ ఫార్మసిస్టు నస్రీన్ మేడమ్, నిజామాబాద్ ఆవిడ. ఆవిడకో పద్ధతి ఉండేది. ఎవరికైనా మందు కాదంటే, ఆ మాట మనమే ఫోన్ చేసి అతని భాషలో అతనికి చెప్పాలి. మిగతావాళ్లు చాదస్తమనేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

మూడో రోజు లింగన్న ఫైలొచ్చింది. జగిత్యాల వైపు మనిషి, స్టేడియం రోడ్డు పనిలో దుమ్ముకు ఉబ్బసం పట్టుకుంది. డాక్టర్ ఇన్‌హేలర్ రాశాడు. మా నిబంధన ప్రకారం ముందు నెల రోజులు చవక మాత్రలు వాడాలి, అవి పనిచేయకపోతేనే ఇన్‌హేలర్. మాత్రలు వాడినట్టు కంప్యూటర్‌లో లేదు. నిమిషంలో తిరస్కరించేశాను. పైగా, పని చకచకా తెమిల్చానని మురిసిపోయాను.

"కాదన్నది నువ్వే గద, నువ్వే చెప్పు. యల్లా, జల్ది ఫోన్ తియ్యి," అంది మేడమ్.

చెప్పాను. అవతల మాటకూ మాటకూ మధ్య ఈలలాంటి ఊపిరి. "ఆ గోలీలు రెండు నెలల సంది మింగుతున్న బిడ్డా. క్యాంప్‌ల నర్సు ఇచ్చిండు. దమ్ము తగ్గుతలేదు. ఇంకోపాలి డ్యూటీల కూలవడితే ఇంటికి తోలుతమన్నరు కంపెనోళ్లు."

కూలీల క్యాంప్‌లో నర్సు నోటుబుక్కులో రాసుకుని చేతికిచ్చే మాత్రలు మా కంప్యూటర్‌కెలా తెలుస్తాయి? అది ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. మేడమ్ ఫోన్ లాక్కుంది. "అన్నా, గోలీల ఖాళీ అట్టలున్నయా?"

ఉన్నాయి. పాత అట్ట చూపిస్తేనే నర్సు కొత్తది ఇచ్చేవాడట, అందుకే అన్నీ బిస్కెట్ డబ్బాలో దాచుకున్నాడు. ఫోటోలు పంపాడు. మా మేనేజర్ "సిస్టమ్‌లో లేదు" అని తిప్పికొట్టాడు. మేడమ్ వాటిని ప్రింటు తీసి అతని బల్ల మీద పరిచింది. "ఇవన్నీ ఎవరు మింగారు సార్? మీరా, నేనా?" అని హిందీలో నిలదీసింది. అప్పుడాయన, ఒకసారి కాదన్న ఫైలు తిరగదోడాలంటే క్యాంప్ క్లినిక్ ముద్ర ఉన్న కాగితం కావాలన్నాడు. ఆ ముద్ర కోసం ఆరు రోజులు గడిచాయి. ఊపిరాడని మనిషి ముద్ర కోసం ఆగాలట!

ఆరో రోజు మంజూరైంది. సంబరంగా ఫోన్ చేశాను. అతని గదిలో ఉండే మనిషి ఎత్తాడు.

"లింగన్నను పొద్దుగాల్నే ఫ్లైట్ ఎక్కించిన్రు అక్కా. నిన్న డ్యూటీల మళ్ల కూలవడ్డడు. ఫోన్ నాకిచ్చి పోయిండు."

నేను ఏడ్చాను. మేడమ్ ఓదార్చలేదు. "ఏడ్వకు. కాదనకముందే అడుగుతే ఆరు దినాలు మిగులుతుండె. అది యాద్ పెట్టుకో," అంది. మనిషి ఇన్‌హేలర్ అందకుండానే వెళ్లిపోయినా, నెలాఖరు నివేదికలో లింగన్న ఫైలు మంజూరైనవాటిలో చేరింది. ఆ వరసను చూపుడువేలితో ఆవిడ కోపంతో నొక్కిపట్టుకోవడం నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు అలాంటి కుర్చీలోనే నేనున్నాను. శిక్షణకొచ్చిన పిల్లలు నాదీ చాదస్తమే అంటారు. నిన్న ఒకమ్మాయి ఒక ఫైలు తిరస్కరించబోతూ, "సిస్టమ్‌లో అన్నీ ఉంటాయి కదా మేడమ్, ఫోనెందుకు?" అంది.

ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాను. "కాదనే ముందు, ఇప్పటిదాకా ఏం మింగాడో అడుగు."