రుద్దుడు గాదు, అద్దుడు

బుధవారం పొద్దున పాలసీసా లోపల పెడుతుంటే మాణికేశ్వర్ నగర్ నుంచి ఒకామె గబగబా నడిచి వచ్చింది. "ఆయమ్మ పోయిందక్కా" అన్నది గేటు పట్టుకుని. మూడు రోజుల జ్వరమట. "నిన్న గూడ మీ అత్తమ్మ చెయ్యెట్లున్నదని అడిగింది" అన్నది. అక్కడే, వీధిలో అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను. ఏడుపుకు మొహమాటమేమిటి?

మన క్యాంపస్ దవాఖాన మెట్లు ఒక్కసారైనా ఎక్కినవాళ్లకు ఆమె తెలిసే ఉంటుంది. అక్కడి ఆయా. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మే నెల ఎండలో కూడా మణికట్టు దాకా చేతులున్న రవికె. ఇంజెక్షన్ అంటే పారిపోయే కుర్రాళ్లను "ఎంత సదివితె ఏంది, సూది జూస్తె దూడ లెక్క ఉరుకుతరు" అని రెక్క పట్టి కూర్చోబెట్టేది. నేను ఆమెను పేరుతో పిలవలేదు, ఎవరూ పిలవగా వినలేదు. ఇక్కడా ఆయమ్మ అనే రాస్తాను.

ఆమె మా ఇంటికి రావడానికి కారణం నేను చేసిన తప్పు. దాచుకునే వయసు దాటిపోయింది కాబట్టి చెబుతున్నాను.

మా ఆయనకు యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం. తార్నాకలో అద్దెకున్నాం. మామగారు పోయాక అత్తగారు కడప నుంచి మా దగ్గరకు వచ్చేశారు. డెబ్బై దాటిన మనిషి. మాట గట్టి, ఆచారం ఇంకా గట్టి. ఒళ్లు మాత్రం ఉల్లిపొర. చేతి మీద నరాలు లెక్కపెట్టవచ్చు. తలుపు గడియ తగిలితే చాలు, నేరేడుపండు రంగు మచ్చ పడేది. ముసలితనమంటే ఇంతే కదా అనుకునేదాన్ని తప్ప, ఆ తోలును వేరుగా చూసుకోవాలని నాకెవరు చెప్పారు?

మూడేళ్ల కిందటి ఉగాది. పొద్దున్నే అత్తగారికి తలంటి, ఒంటికి నలుగు పెట్టాలి. ముందురోజు పక్కవాటా వాళ్ల ముందు ఆవిడ నవ్వుతూ, "ఈ కాలం కోడళ్ల చేతుల్లో సత్తువ యాడుండాది? నలుగు పెడితే పిల్లి నాకినట్టు ఉంటాది" అన్నారు. నాకు రోషం పొడుచుకొచ్చింది. చూపిస్తానుండు సత్తువ అనుకున్నాను. వేడివేడి నీళ్లు తోడి, బరకగా విసిరిన సున్నిపిండి, బీరకాయ పీచు తీసుకుని ముంజేతిని మా ఇంటి రాగి బిందె తోమినట్టు తోమాను. ఆవిడ ఒక్కసారి "అబ్బా" అన్నారు. మెచ్చుకోలు అనుకున్నాను, నా మొహం! చూసేసరికి జానెడు మేర తోలు లేచి ఒక పక్కకు ముడుచుకుపోయింది. సున్నిపిండి ఎర్రబడింది.

కంగారులో రెండో తప్పు చేశాను. మా ఆయన గడ్డం పెట్టెలోని అంటుపట్టీ తెచ్చి ఆ పచ్చిపుండు మీదే అతికించాను. మూడో రోజు మార్చాలని పట్టుకుని లాగితే, పట్టీతో పాటు చుట్టూ ఉన్న మంచి తోలు కూడా వచ్చేసింది. పుండు రెండింతలైంది.

ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కొడుకు అడిగితే, "మంచంకోడు గీరుకునిందిలే నాయనా" అన్నారు. కానీ ఆ రోజు నుంచి నన్ను ముట్టనివ్వలేదు. పాత పంచెగుడ్డ ఒంటిచేత్తో తనే చుట్టుకునేవారు. గోడ పట్టుకుని తనే స్నానానికి పోయేవారు. నేను దగ్గరకు వెళితే ఆ చెయ్యి కొంగు కిందికి పోయేది. కోడలి చెయ్యి చూసి జంకే అత్తగారు ఎక్కడైనా ఉంటుందా? మా ఇంట్లో ఉంది. వారం తిరిగేసరికి "నన్ను కడప బండెక్కించు నాయనా" అన్నారు కొడుకుతో. పుండు మానకపోవడం ఒక భయం. ఈ చేతుల్ని ఆవిడ ఇక ఎన్నటికీ నమ్మరేమోనన్నది నాకు అంతకన్నా పెద్ద భయం.

దవాఖానకు రమ్మంటే రారు. "మొగ డాక్టరు చెయ్యి పట్టుకునేదేంది?" అని ఒకటే మాట. నేనే వెళ్లి మందిమ్మని బతిమాలుతుంటే, బల్ల తుడుస్తున్న ఆయమ్మ తల తిప్పి, "పట్టీ గుంజినవా?" అన్నది. ఎలా తెలిసిందో! తలూపాను. "డ్యూటీ అయినంక వస్తా. ఇల్లు యాడ?" అన్నది. క్యాంపస్‌కు రాకముందు ఏళ్ల తరబడి పెద్ద దవాఖానలో ముసలివాళ్ల వార్డు చూసిన మనిషని తర్వాత తెలిసింది.

సాయంత్రం వచ్చింది. గడప దగ్గరే అడ్డంకి. దవాఖానలో అందరినీ ముట్టుకునే మనిషి తనను తాకడం అత్తగారికి ఇష్టం లేదు. "ఆమెను ఆడ్నే ఉండమను పాపా" అన్నారు లోపలి నుంచి, వినపడేలాగే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయమ్మ మాత్రం వసారా మెట్టు మీద తాపీగా కూర్చుని, "మంచిదే. నేను జేస్తె నీ చేతికి భయమెట్ల పోతది బిడ్డా? నోరు నాది, చెయ్యి నీది. పెద్దమ్మను తలుపుకాడ కూసోపెట్టు" అన్నది.

అలా మొదలైంది చదువు. ముందు నా గోళ్లు చూపించమన్నది. "ఇవి గోర్లా, కొడవండ్లా?" అన్నది. అవి తీయించింది. ఉంగరం తీయించింది, గాజులు మోచేతి దాకా ఎక్కించింది. సబ్బుతో చేతులు రెండుసార్లు కడిగించింది. పుండుకు అంటుకుపోయిన గుడ్డను నేను పట్టుకోగానే గట్టిగా అరిచింది.

"గుంజకు! ఉప్పునీళ్లు మసలబెట్టి సల్లార్చి, సుక్కసుక్క పోసుకుంట కూసో. అదే ఊడ్తది."

"ఎంతసేపు ఆయమ్మా?"

"నీకేమన్న బస్సు పోతున్నదా?"

లోపల అత్తగారు కిసుక్కున నవ్వారు. వారం రోజుల తర్వాత విన్న మొదటి నవ్వు అది.

గుడ్డ నిజంగానే దానంతటదే ఊడింది. అంచున కొంచెం తోలు ఇంకా ముడుచుకుని ఉంది. కత్తిరించమంటుందేమో అనుకున్నాను. "కత్తిరియ్యకు, అది పెద్దమ్మ సొమ్ము. తడి దూదితోని మెల్లగ దాని జాగల దాన్ని పండవెట్టు" అన్నది. ఎలా చేయాలో చూపడానికి తన రవికె చెయ్యి పైకి లాగింది. అప్పుడు చూశాను. ఆమె ముంజెయ్యి కూడా అచ్చం అత్తగారిలాగే ఉంది. అదే ఉల్లిపొర, అవే నేరేడు మచ్చలు. నేను తెల్లబోయి చూస్తుంటే, "రిజిస్టర్ల యాబై ఏడు, ఒంట్ల డెబ్బై. ఎవ్వలికి జెప్పకు" అని కన్ను గీటింది. అంత ఎండలో నిండుచేతుల రవికె ఎందుకో అప్పుడు అర్థమైంది. అత్తగారు కూడా తలుపు చాటు నుంచి ఆ చేతిని చాలాసేపు చూశారు.

ఆయమ్మ తెచ్చిన మలాం పూసిన గుడ్డ పుండు మీద పరిచి, పైన మెత్తటి కట్టు వదులుగా కట్టాను. అంటుపట్టీ మాట మళ్లీ ఎత్తలేదు.  ఈసారి అత్తగారు చెయ్యి లాక్కోలేదు. "నొప్పి ఉందా అత్తా?" అంటే, "ఉంటే అరవనా?" అన్నారు.

ఆ తర్వాత నెలన్నర, డ్యూటీ దిగాక ఆయమ్మ వసారా మెట్టు మీదకు వచ్చేది. నేను మజ్జిగ ఇచ్చేదాన్ని. ఆమె నాకు పాఠం చెప్పేది. వేడినీళ్లు వద్దు, గోరువెచ్చనివే. సబ్బు రోజూ ఒళ్లంతా వద్దు. తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె చేత్తో రాయాలి, మర్దన చేయకూడదు. మనిషిని లేపేటప్పుడు మణికట్టు పట్టి లాగకూడదు, కింద నుంచి అరచేయి పెట్టి ఎత్తాలి. మంచంకోళ్లకు పాత గుడ్డలు చుట్టాలి. చెప్పిందే చెప్పేది. నేను తువ్వాలు అందుకుంటే చాలు, మెట్టు మీద నుంచి కేక వచ్చేది.

"రుద్దుడు గాదు, అద్దుడు!"

తువ్వాలు కూడా ఆమెకు నచ్చలేదు. కొత్తది గీరుతుంది, ఇంట్లో అన్నిటికంటే పాత చీర తెమ్మన్నది. ఉంది. అత్తగారి మడిచీర, ఇరవై ఏళ్లు ఉతికి ఉతికి వెన్నలా అయిన నూలుచీర. "దాని జోలికి రావద్దండి" అన్నారు అత్తగారు. ఇద్దరం నోరు మూసుకుని మా ఆయన పంచెతో సరిపెట్టుకున్నాం.

పుండు మానింది. కట్టు పూర్తిగా తీసేసిన సాయంత్రం ఆయమ్మ మెట్టు మీద నుంచే మెడ చాచి చూస్తోంది. అత్తగారు విసుక్కున్నారు.

"అంత దూరం నుంచి ఏం కనిపిస్తాది నీకు? లోపలికి రా."

ఆయమ్మ ఒక్క క్షణం నా వైపు చూసింది. కాళ్లు కడుక్కుని గడప దాటింది. అత్తగారు చాచిన చేతిని వేళ్ల వెనకవైపుతో తాకి, "మానింది పెద్దమ్మా. నీ కోడలు మంచిగ చేసింది" అన్నది. అత్తగారు నన్ను మెచ్చుకోలేదు, అది ఆవిడ స్వభావం కాదు. కానీ ఆయమ్మ వెళ్లిపోయాక మళ్లీ స్నానం చేస్తారనుకుని నీళ్లు కాచి పెట్టాను. చల్లారిపోయాయి. కడప బండి మాట కూడా మళ్లీ ఎత్తలేదు.

మరుసటి ఉగాదికి పీట తనే వాల్చుకుని కూర్చుని, "రా పాపా" అన్నారు. శనగపిండి పల్చటి గుడ్డలో జల్లించి, పాలలో కలిపి, ఊరికే తాకించి కడిగేశాను. అది ఆయమ్మ ఉపాయమే. "పండుగ దక్కాలె, తోలు దక్కాలె" అనేది.

ఇదంతా తలుచుకుంటూనే బుధవారం అత్తగారికి సంగతి చెప్పాను. ఆవిడ లేచి లోపలికి వెళ్లారు. కాసేపటికి గుడ్డ చింపిన చప్పుడు వినపడింది. మడిచీర సగం తెచ్చి నా చేతిలో పెట్టారు. "స్నానం చేపిస్తారు కదా. వాళ్లకు తెలియదు, తోముతారు. నువ్వు పో" అన్నారు.

క్యాంపస్‌కు అడ్డంపడి పరుగులాంటి నడకతో వెళ్లాను. అప్పటికే పసుపునీళ్లు పోస్తున్నారు. పాపం, ప్రేమతోనే, ఒకామె మోచెయ్యి గట్టిగా తోముతోంది. అదే ఉల్లిపొర చెయ్యి. నా నోట ఆయమ్మ కేకే వచ్చింది. "రుద్దుడు గాదు, అద్దుడు!" అందరూ ఆగిపోయారు. ఆయమ్మ కూతురు నన్ను చూసి, ఏడుస్తూనే పక్కకు జరిగింది. ఉంగరం తీసి కొంగున కట్టుకున్నాను. గాజులు పైకి ఎక్కించాను. ఆ మడిచీరతో చేతులు, భుజాలు, మెడ, పాదాలు అద్దాను. తొందర పడలేదు. నాకేం బస్సు పోవడం లేదు.

ఇంటికొచ్చి తలమీద నీళ్లు పోసుకుని వచ్చేసరికి అత్తగారు మంచం మీద కూర్చుని ఉన్నారు.

"రుద్దనీలేదు కదా?"

"లేదత్తా. అద్దినాను. ఒక్క గీత పడలేదు."

మిగిలిన సగం చీర ఆవిడ ఒళ్లో ఉంది. నిమిరి, నాలుగు మడతలు వేశారు. "ఇది నాకు. అప్పుడు కూడా నువ్వే అద్దల్ల. ఇంకెవరి చెయ్యీ పడకూడదు" అన్నారు. నేను తలూపాను. ఆవిడ దిండు ఎత్తి ఆ మడతను కింద పెట్టుకుని పడుకున్నారు. ఎంత అరిగిన చీరో, దిండు వెంట్రుకవాసి కూడా పైకి లేవలేదు.