జింకలు నేర్చుకున్న వేళలు

జింకలు వేకువనా మునిమాపునా మాత్రమే మేతకు వస్తాయని మీకెవరు చెప్పారు? జింకలా, వేటగాళ్లా?

దక్షిణ జర్మనీ నల్ల అడవిలోని ఆ లోయలో హెడ్విగ్ ఫాలర్‌కు ముందు ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. వేట నేర్పిన మేనమామ ఒట్మార్ ఏ వేళకు మంచె ఎక్కమన్నాడో ఆమె ఆ వేళకే ఎక్కేది. ఆయనా తన తండ్రి చెప్పిన వేళకే ఎక్కాడు. అయితే ఆ శరదృతువులో ఎన్నాళ్లు కూర్చున్నా ఒక్క జింకా కంటబడలేదు. వాలులో నాటిన దేవదారు మొక్కల చిగుళ్లు మాత్రం రోజూ తెగిపోతూనే ఉన్నాయి.

ఆ అడవీ, మొక్కలూ గెర్లిండే అనే ఆసామివి. వేట హక్కు గుత్తకు తీసుకున్నది హెడ్విగ్; జింకలు మొక్కల జోలికి రాకుండా చూసే బాధ్యతా ఆమెదే.

"నువ్వు మంచె మీద కునుకు తీస్తున్నావో, జింకలకు కాపలా కాస్తున్నావో నాకనవసరం," అంది గెర్లిండే, కంచె దగ్గర ఆమెను ఆపి. "మంచు పడేలోగా ఈ మేత ఆగాలి. లేదంటే గుత్త ఇంకొకరికిస్తా. ఏమీ అనుకోకు."

ఒకనాడు హెడ్విగ్ మంచెపై టోపీ మరిచిపోయింది. దానికోసం మధ్యాహ్నం తుపాకీ లేకుండా, పై దారిన కాలినడకన వెళ్లింది. దిగువన చర్చి గంట పన్నెండు కొడుతోంది. మంచె కిందే ఒక జింక తీరుబడిగా చిగుళ్లు కొరుకుతోంది. గంటకు చెవి కూడా కదపలేదు. హెడ్విగ్ టోపీని అక్కడే వదిలేసి, అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి వచ్చేసింది.

ఒక్కసారి చూసినది సాక్ష్యం కాదు. అందుకే మరునాటి నుంచి ఎదుటి వాలులో దుర్భిణీతో కూర్చుంది. మధ్యాహ్నమైతే జింకలు వచ్చేవి. రోజూ సాయంత్రం వేటకొచ్చే ఒట్మార్ జీపు తలుపు దారి చివర పడిన చప్పుడు వినగానే, పని ముగిసిన గుమాస్తాల్లా తలలెత్తి, నింపాదిగా పొదల్లోకి నడిచిపోయేవి.

"మిట్టమధ్యాహ్నం వేటా?" ఒట్మార్ సూప్ గిన్నె ముందు నవ్వాడు. "ఆ వేళ అడవిలో పుట్టగొడుగులేరుకునేవాళ్లు తప్ప ఎవరుంటారే?"

"జింకలున్నాయి, మామయ్యా."

"మన ఇంట్లో తరతరాలుగా పన్నెండింటికి అందరం సూప్ ముందే ఉంటాం."

"ఆ సంగతి వాటికీ తెలిసిపోయింది. నీ జీపు తలుపు చప్పుడు కూడా."

ఒట్మార్ చెంచా గాలిలో ఆగింది. "నా జీపా? ఎప్పట్నించట?"

"నువ్వు కొన్నప్పట్నించేమో."

మరునాటి మధ్యాహ్నం అడవిలో ఒకే ఒక్క తూటా పేలింది. ఒట్మార్ జీపు ఇంటి దగ్గరే వదిలి, రొప్పుతూ నడిచొచ్చాడు. పడిన మగజింక నోట్లో, ఆచారం ప్రకారం, చివరి మేతగా దేవదారు కొమ్మ పెట్టి టోపీ తీశాడు.

హెడ్విగ్ ఆ తర్వాతా మధ్యాహ్నాలే మంచె ఎక్కింది. తొలి మంచు పడేనాటికి కొత్తగా తెగిన చిగురు కనబడలేదు. గుత్త పొడిగిస్తానని చెప్పడానికి గెర్లిండే స్వయంగా వచ్చింది.

"ఇంతకీ మధ్యాహ్నమే మంచి వేళంటావా? వేటకెళ్లే మా తమ్ముడికీ చెబుతా."

"చెప్పకు. అందరూ ఆ వేళకే ఎక్కితే, వచ్చే ఏటికి అవి అదీ నేర్చుకుంటాయి."

ఆమె వెళ్లాక హెడ్విగ్ ఒక నిర్ణయానికి వచ్చింది: ఇకపై తన వేటకు నియమిత వేళంటూ ఉండదు, ఏ రోజు ఏ వేళకు మంచె ఎక్కుతుందో మామయ్యకు కూడా చెప్పదు.