చేను వాటా

సిద్ధాంతం కోసం పస్తులున్నవాళ్ళను మీరు చూసే ఉంటారు. సిద్ధాంతం కోసం తిని తిని లేవలేకపోయినవాణ్ణి ఎప్పుడైనా చూశారా?

ఆ రోజుల్లో మా సింధనూరు కాలవ క్యాంపులో (ఆంధ్ర నుంచి వలస వచ్చిన రైతుల ఊరది) ఏ ఇంట పూజ జరిగినా నన్ను పిలిచేవాళ్ళు కాదు. పిలిస్తే ప్రశ్నలు అడుగుతానని భయం. (అడిగేవాణ్ణే. ప్రసాదం తిన్నాకే అనుకోండి.) కాలేజీలో చరిత్ర మీద చర్చాపోటీ దగ్గరపడింది. మస్కి కొండమీది మౌర్యుల కాలపు శాసనాన్ని చేత్తో తాకి వచ్చి, "నేను కళ్ళారా చూశాను" అని మొదలుపెడితే ఎదుటివాడికి మాట పెగలదని నా ఎత్తు. మస్కిలో నాకో స్నేహితుడున్నాడు, మేం సెంటుగాడు అనేవాళ్ళం. తీరా నేను వెళ్ళిన రోజు ఎళ్ళమావాస్య, అక్కడ పంటచేనుకు పూజ చేసే పండగ. ఊరంతా బళ్ళు కట్టుకుని చేలకు పోతోంది. "ముందు మా చేన్ల రొట్టె తిని, ఎనక గుట్టెక్కుదాం. సాయంత్రం బస్సు దాక టైముంది" అన్నాడు వాడు.

కొండ కిందే వాళ్ళ జొన్నచేను. వాళ్ళ అవ్వ (రాయచూరు పక్క తెలుగు పల్లె నుంచి కోడలిగా వచ్చిన మనిషి) గంప విప్పింది. సజ్జ కడుబులు, వేరుశనగ హోళిగలు (మన బొబ్బట్లే), గుత్తొంకాయ, పెరుగన్నం. మాకు పెట్టకముందే అన్నీ కలిపి చేలో చల్లబోయింది. భూమికి పెట్టే చరగ అట. నేను గట్టుమీద లేచి నిలబడ్డాను.

"ఆగండవ్వా! మట్టికి ఆకలి ఉంటుందా? ఆకలున్న మనిషికి పెట్టాల్సిన అన్నం మట్టిపాలు చేస్తారా?"

"ఏంది బిడ్డా, గట్ల ఒర్రుతున్నవ్? ఎడ్లు బెదురుతయ్." అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "మరి నీకు ఆకలైతుందా?"

"అవుతోంది."

"ఇంకేంది! ఈయేడు చేను వాటా నీదే. కూసో."

గెలిచాననుకున్నాను. రెండో విస్తరి సగంలో "చాలవ్వా" అన్నాను. అవ్వ పిడికెడు అన్నం తీసి చేను మీదికి చెయ్యి చాపింది. "చాలా? అయితే చల్లనా?"

"వద్దు, వెయ్యండి" అన్నాను. ఈలోగా కబురు పక్క చేలకు పాకింది. "ఆ హుడుగన్న ఇల్లి కళస్రి!" అని ఒకాయన తలపాగా ఊపాడు. ఆ కుర్రాణ్ణి ఇటు పంపండి, మా చేను వాటా కూడా ఉందని! సెంటుగాడు నన్ను రెక్క పట్టుకుని తీసుకెళ్ళాడు. నమ్మకద్రోహి.

చివరికి ఒక గట్టుమీద వెల్లకిలా పడ్డాను. కొండ ఎదురుగానే ఉంది, నేనే లేవలేను. సెంటుగాడు ఒక్కడే ఎక్కి దిగివచ్చి, "నీ తరఫున ముట్టుకొచ్చిన" అన్నాడు. బస్సు వేళయింది. అవ్వ ఆఖరి పిడికెడుతో వచ్చింది. పడుకునే దండం పెట్టాను (బతుకులో అదే మొదటి దండం).

"చల్లెయ్యండవ్వా."

"నువ్వే చల్లు."

చల్లాను. మైనాలు వాలాయి. "చూడు, ఆకలున్నోళ్ళే తింటుండ్రు" అంది. నా దగ్గర జవాబుంది. చెప్పడానికి ఊపిరి చాల్లేదు.

పోటీలో "కింది నుంచి చూశాను" అని మొదలుపెట్టి ఓడిపోయాను. ఆ తర్వాత శాసనం చాలాసార్లు చూశాను. అవ్వ ఇప్పుడు లేదు. చేను మాత్రం ఉంది. ఎళ్ళమావాస్యకు సెంటుగాడి ఇంట్లో ఒక విస్తరి ఎక్కువ పెడతారు, "చేను వాటాయన వస్తడు" అని. వెళ్తాను. మట్టికి ఆకలి లేదనే ఇప్పటికీ నా వాదన. ఆ మట్టిమీదే కూర్చుని, నోటినిండా హోళిగతో వినిపిస్తాను.

ఈసారి మీరూ వెళ్ళండి. పొద్దున్నే కొండెక్కి ముందు శాసనం చూడండి. ఆ తర్వాతే చేలోకి దిగండి. దిగాక మాత్రం ఊరుకోకండి, మట్టికి ఆకలేమిటని గట్టిగా అడగండి!