ఇనుప టోపీ

2000 సంవత్సరంలో మేము పరాయి దేశంలో, వుడ్‌ల్యాండ్స్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. మా అమ్మాయి, అల్లుడు, నేను. అల్లుడు పైచదువుకు చేరాడు కనుక ముగ్గురమూ ఆ దేశంలో ఉండటం మా అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీదే ఆధారపడి ఉండేది. ఉద్యోగం పోతే అక్కడ ఉండనిచ్చే పాస్ పోతుంది, పాస్ పోతే పెట్టెలు సర్దుకోవాలి.

పక్క ఫ్లాట్‌లో ఒక చైనా ముసలావిడ ఒంటరిగా ఉండేది. నా ఈడుదే. ఆవిడ నన్ను ఆంటీ అనేది, నేను ఆవిడను ఆంటీ అనేదాన్ని. పోయిన భర్త వంశం ఒకప్పుడు మంచూ చక్రవర్తుల కింద రాకుమార బిరుదు మోసిన ఇల్లట. మిగతా రాకుమారుల బిరుదు తరానికో మెట్టు కిందికి దిగేదట. వీళ్ళలాంటి కొద్ది ఇళ్ళకు మాత్రం దిగకుండా వచ్చేదట. ఆ బిరుదును ఇనుప టోపీ అనేవారని చెప్పింది.

ఒక మధ్యాహ్నం వరండాలో కూర్చుని, తమ ఇంట ఏడు తరాలుగా టోపీ పెట్టుకున్నవాళ్ళ పేర్లు వరసగా చెప్పింది. నేను వేలి కణుపుల మీద లెక్కపెట్టాను. ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన చెయ్యి, ఊరుకోదు.

"ఏడు తరాలన్నారు. పేర్లు పదకొండు వచ్చాయి. తండ్రి నుంచి కొడుక్కి వస్తే ఏడే రావాలి కదా ఆంటీ?"

ఆవిడ నవ్వింది. "టీచర్‌కి దొరికిపోయాను. ఒకడికి పిల్లల్లేరు. ముగ్గురి నెత్తిమీద నుంచి చక్రవర్తి ఊడబెరికాడు. తమ్ముడికో, పినతండ్రి కొడుక్కో పెట్టాడు."

"ఏం తప్పు చేశారు?"

"కోపం చక్రవర్తిది. తప్పు తరవాత వెతికారు. టోపీకి మాత్రం ఏం కాలేదు. ఇనుపది కదా."

ఆ నెలలోనే మా అమ్మాయిని కంపెనీలో వైస్ ప్రెసిడెంట్‌ని చేశారు. నేను రవ్వలడ్లు చుట్టి పక్కింటికి పట్టుకెళ్ళాను. ఆవిడ డబ్బా అందుకుంది గానీ మూత తీయలేదు.

"ముందు ఎవరు?" అంది.

"ఏమిటి?"

"మా అత్తగారింట్లో టోపీ వచ్చిన రోజు మిఠాయి పంచేవాళ్ళు కాదు. ముందు పెట్టుకున్నవాడు ఎక్కడున్నాడని అడిగేవాళ్ళు."

సాయంత్రం అమ్మాయిని అదే అడిగాను.

"లీవ్ మీద వెళ్ళాడమ్మా."

"అంతకు ముందు?"

"ఒకావిడ. రిజైన్ చేసింది."

"ఎందుకు?"

"అబ్బా, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టు అడుగుతావేంటే అమ్మా. మార్కెట్ ఇంత బాగుంది, కొత్త ఆఫీసులు రోజుకొకటి తెరుస్తున్నారు. నువ్వూ, ఆ ఆంటీ కలిసి నా నెత్తిన రాళ్ళు వేయకండి."

అల్లుడు నవ్వాడు. "వద్దనుకుంటే నాకిచ్చెయ్, నేను చేస్తా." నేను నవ్వలేకపోయాను.

తరవాతి వారం అమ్మాయి తన గది చూపించడానికి నన్ను ఆఫీసుకు తీసుకెళ్ళింది. తలుపు మీద ఇత్తడి పలక ఉంది. పైన వైస్ ప్రెసిడెంట్ అని లోతుగా చెక్కి, నాలుగు మూలలా మరలు బిగించారు. కింద ఒక గాడి, అందులో పేరు రాసిన సన్నని ప్లాస్టిక్ పట్టీ. లోపలికీ బయటికీ జారి జారి గాడి అంచు అరిగిపోయింది. అమ్మాయి ఆ పట్టీని వేలితో సరిచేసింది. ముచ్చటపడింది కూడా. నేను మరలకేసి చూస్తూ ఉండిపోయాను.

మరుసటి ఏడాది ఒక మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతుండగా తలుపు తెరుచుకుంది. అమ్మాయి. మూడు కూడా కాలేదు.

"ఇంత తొందరగా వచ్చావేం?"

సంచిలోంచి ప్లాస్టిక్ పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. "పాస్ ఆఫీసుకు కంపెనీ వాళ్ళే చెప్తారట అమ్మా. ఈ నెలాఖరు దాకా ఉండొచ్చు."

"పలక?"

"అది అక్కడే ఉంది. కొత్తాయన పేరు పెట్టేశారు."

తెరిచిన తలుపు దగ్గర పక్కింటావిడ నిలబడి ఉంది. పగటిపూట అమ్మాయి ఇంట్లో ఉండటం చూసింది, బల్ల మీది పట్టీ చూసింది. లోపలికి వచ్చి, నా చేతిలోని చేట తీసుకుని, బియ్యం ఏరడం మొదలుపెట్టింది.