ముందు ఏదైనా తిను

మస్కట్ నుంచి వచ్చి దేవనహళ్ళి ఎయిర్‌పోర్టులో దిగి, ఊళ్ళోకి వెళ్ళే బస్సెక్కాను. అక్క ఐసీయూలో ఉంది. ఆసుపత్రిలో చేరిన దగ్గర్నుంచీ ఆమెను ఫోన్లోనే చూశాను. బస్సు రొదలో వినపడక బావతో స్పీకర్ పెట్టి మాట్లాడాను.

"అక్కకెలా ఉంది బావా?"

"ఉంది. నువ్వు ముందు ఏదైనా తిను. తిన్నాకే రా."

ఆకలి లేదని విసుక్కుని పెట్టేశాను. పక్క సీటులోని పెద్దావిడ కాసేపు నన్నే చూసింది. తర్వాత సంచిలోంచి డబ్బా తీసి, మూత తెరిచి నా ఒళ్ళో పెట్టింది. చిత్రాన్నం.

"తినమ్మా. ఆడికి పోయినాక తినేకి కాదు."

ఆసుపత్రిలోకి తిండి రానివ్వరని చెబుతోందనుకున్నాను. వద్దన్నా వినలేదు. డబ్బా ఖాళీ అయ్యాక నా తల మీద చెయ్యి వేసి, హెబ్బాళ్‌లో దిగిపోయింది.

ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉన్న బావ "తిన్నావా?" అనడిగాడు. తిన్నానన్నాను. అప్పుడు చెప్పాడు.

శవం లేచేదాకా మా ఇళ్ళల్లో ఎవరూ మెతుకు ముట్టరు. నాకు తెలియనిదేం కాదు, తట్టలేదంతే. ఆవిడకు బస్సులోనే అర్థమైపోయింది.

ఇప్పుడు ఇంటి నుంచి ఎవరు ఫోన్ చేసి "తిన్నావా" అన్నా జవాబు చెప్పను. ముందు ఎవరికేమైందో చెప్పమంటాను.